వలస ఊళ్లలో ఓటు: పాలమూరు వైపు బూత్ స్థాయి ప్రచారంపై కేస్ స్టడీ

2024 మే 13న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరి నియోజకవర్గంలో దాదాపు 77 శాతం ఓట్లు పడ్డాయి. నల్లగొండలో 74, మహబూబ్‌నగర్‌లో 72, నాగర్‌కర్నూల్‌లో 69 దాటాయి. అదే రోజు హైదరాబాద్ నియోజకవర్గం 50 శాతానికి కూడా చేరలేదు. నగరంలో ఓటు వేయించడానికి తయారుచేసిన బ్యానర్లే పల్లెలకూ వస్తాయి. బద్ధకం వదలండి, సెలవు రోజు అనుకోకండి, గడప దాటి రండి అని రాస్తారు. కోస్గి, మద్దూరు, దామరగిద్ద, ఊట్కూరు వైపు ఊళ్లలో ఆ బ్యానర్ చదివేవాళ్లలో చాలామంది ఎలాగూ ఓటేస్తారు. వేయనివాళ్లు ఆ సమయానికి హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్ సైట్ పక్కన రేకుల షెడ్డులో ఉంటారు. ఇంకొందరు ముంబైలోనో పూణేలోనో ఉంటారు. వాళ్లకు బద్ధకం లేదు. వాళ్లకున్నవి దూరం, కూలి, జాబితాలో పేరు ఉందో లేదో తెలియని అనుమానం.

అందుకే వలస ఊళ్లలో ఓటింగ్ పెంచే పని మైకుతో మొదలు కాదు, ఓటరు జాబితాతో మొదలవుతుంది. ఈ రాత ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా, 2024 లోక్‌సభ ఎన్నికల తేదీలను పట్టుకుని వివరిస్తుంది. ఊళ్ల పేర్లు ఇవ్వడం లేదు. లెక్కల్లో కనిపించే వెయ్యి ఓట్ల బూత్ వివరించడానికి తీసుకున్న నమూనా మాత్రమే. మీ బూత్ అంకెలు అందులో వేసుకుని చూడండి.

ముందు ఈ లెక్క

బూత్‌లో వెయ్యి పేర్లున్నాయనుకుందాం. ఇల్లిల్లూ తిరిగితే వాటిలో 60 పేర్లు చనిపోయినవాళ్లవో, పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లలవో, రెండుసార్లు నమోదైనవో అని తేలింది. 210 మంది వలస, చదువు, ఉద్యోగాల మీద బయట ఉన్నారు. ఊళ్లో ఉన్నది 730 మంది. పోలింగ్ రోజు ఊళ్లోవాళ్లలో 690 మంది, బయటివాళ్లలో 20 మంది ఓటేశారు. మొత్తం 710. కాగితం మీద 71 శాతం.

ఇప్పుడు విడదీసి చూడండి. ఊళ్లో ఉన్నవాళ్లలో ఓటేసింది 94 శాతం పైమాటే. మిగిలిన 40 మందిలో మంచాన పడ్డవాళ్లు, బాలింతలు, ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నవాళ్లు పోగా పట్టుదలగా తిరిగితే పదిహేను, ఇరవై ఓట్లు పెరుగుతాయి. బయట ఉన్న 210 మందిలో 60 మందిని రప్పించగలిగితే అదనంగా 40 ఓట్లు. చనిపోయిన, వెళ్లిపోయిన 60 పేర్లు జాబితా నుంచి తీయిస్తే ఒక్క కొత్త ఓటు పడకుండానే 71 శాతం 75 దాటుతుంది. శాతం ఒక్కదాన్నే లక్ష్యంగా పెట్టుకోకూడదనేది ఇందుకే. ప్రచారం విజయాన్ని బయటినుంచి వచ్చి ఓటేసినవాళ్ల సంఖ్యతో కొలవాలి. ఆ సంఖ్య ఏ ప్రభుత్వ పత్రంలోనూ ఉండదు. మీ రిజిస్టర్‌లోనే ఉండాలి.

పాత ఎన్నికలో మీ బూత్ పరిస్థితి ఏమిటో తెలియాలంటే ఫారం 20 చూడాలి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో అసెంబ్లీ సెగ్మెంట్ వారీగా ఉంటుంది. అందులో బూత్ వారీగా పడిన ఓట్లు ఉంటాయి గానీ మొత్తం ఓటర్లు ఉండరు. ఆ అంకెను ఓటరు జాబితా చివరి పేజీలోని సారాంశం నుంచి తీసుకోవాలి. రెండూ ఒకే ఎన్నికవి అయి ఉండాలి. కొత్త జాబితాను పాత ఫారం 20తో కలిపి శాతం కట్టడం తరచూ జరిగే పొరపాటు. మధ్యలో బూత్‌ను విడగొట్టి ఉంటే లెక్క మరీ గల్లంతవుతుంది.

జాబితా పట్టుకుని గడప గడపకూ

జాబితా పీడీఎఫ్‌గా దొరుకుతుంది, కానీ పేజీలు బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి పేర్లు కాపీ చేసుకోవడం కుదరదు. వెయ్యి పేర్లను ఎవరో ఒకరు కూర్చుని 200 పేజీల లాంగ్ నోట్‌బుక్‌లోకి ఎక్కించాల్సిందే. విసుగు పుట్టే పనే, కానీ దీన్ని దాటవేసిన ప్రచారం ఏదీ నిలబడదు. ఒక్కో పేరుకు ఈ వివరాలు రాయాలి: సీరియల్ నంబర్, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబర్. వాటి పక్కన ఖాళీగా మూడు గళ్లు: ఎక్కడున్నారు, ఎవరి వెంట వెళ్లారు, ఫోన్ నంబర్.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ఊళ్లలో ఇంటి నంబర్లు వరుసలో ఉండవు కాబట్టి ఒకే ఇంటి నలుగురు మూడు పేజీల్లో చెదిరి ఉంటారు. కొత్తగా చేరిన పేర్లన్నీ చివర అనుబంధ జాబితాలో ఉంటాయి. మొదటి పేజీలు మాత్రమే చూసి ‘మీ కోడలి పేరు లేదు’ అని చెప్పేస్తే ఆ ఇంటివాళ్లు కొత్త పేరు చేర్చమని మళ్లీ ఫారం 6 పెడతారు, ఒకే మనిషికి రెండు పేర్లు పుడతాయి. పేరు లేదని ఎవరికైనా చెప్పే ముందు అనుబంధం చివరి వరుస దాకా చూడాలి. బాలమ్మలు, వెంకటమ్మలు, చెన్నయ్యలు ఒకే బూత్‌లో ఏడెనిమిది మంది ఉంటారు. భర్త పేరు, వయసు కలిపి చూడకపోతే ఒకరి స్లిప్పు ఇంకొకరి చేతికి వెళ్తుంది.

వెయ్యి ఓట్లంటే సుమారు 300 గడపలు. ఇద్దరిద్దరి జట్టు ఒక సాయంత్రం 25 ఇళ్లు చూడగలదు. రెండు జట్లైతే ఆరు సాయంత్రాల పని. జట్టులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి, ఎందుకంటే వలస ఇళ్లలో ఉండేది ఎక్కువగా ముసలివాళ్లు, పిల్లలు. కొడుకూ కోడలూ ఎక్కడ పని చేస్తున్నారో, ఏ మేస్త్రీ వెంట వెళ్లారో అవ్వకు తెలుసు. కొత్త మగమనిషి అడిగితే చెప్పదు. అప్పులవాళ్లు పంపారేమో అనుకుంటుంది. ‘అవ్వా, పెద్దోడు ఫోన్ జేస్తడా? ఏ నంబర్ నుంచి జేస్తడు?’ అని అదే వాడకు చెందిన అక్కో చెల్లో అడిగితే గూట్లోంచి నంబర్ రాసిన చీటీ వస్తుంది.

వాడ మాట ఎందుకంటే, ఊరి నడిమధ్య ఇళ్ల పిల్లలే వాలంటీర్లుగా ముందుకొస్తారు. ఎస్సీ వాడ, ఊరికి కిలోమీటరు అవతల ఉన్న తండా చివరికి మిగిలిపోతాయి. వలస ఎక్కువగా ఉండేది అక్కడే. తండాకు తండా నుంచే, వాడకు వాడ నుంచే ఒకరు దొరికేదాకా జట్టు పూర్తయినట్టు కాదు.

తేదీలు తప్పితే మిగతా పనంతా వృథా

2024లో షెడ్యూల్ మార్చి 16న వచ్చింది. తెలంగాణలో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న, నామినేషన్ల ఆఖరు ఏప్రిల్ 25న. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు చేరదు. పరిశీలనకు, అభ్యంతరాలకు సమయం కావాలి కనుక దరఖాస్తులు పది రోజుల ముందే పడాలి. అంటే ఏప్రిల్ 15. పోలింగ్ మే 13 కదా, ఇంకా నెల ఉందిలే అనుకున్న ఊళ్లలో పేర్లు చేర్పించే పని అప్పటికే ముగిసిపోయింది.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 9న పడింది. వలస వెళ్లినవాళ్లలో చాలామంది ఉగాదికి ఊరికొస్తారు. మేస్త్రీలతో లెక్కలు చూసుకునేది, కొత్త అడ్వాన్సులు మాట్లాడుకునేది కూడా ఆ రోజుల్లోనే. గడువుకు ఆరు రోజుల ముందు సగం ఊరు ఇంటి దగ్గర ఉంది. ఆ ఒక్క వారం సరిగ్గా వాడుకుంటే పని సగం అయినట్టే. పండుగ మరుసటి రోజు నుంచి రచ్చకట్ట దగ్గర ఉదయం, సాయంత్రం రెండు గంటలు రిజిస్టర్ పట్టుకుని కూర్చోవడం, పేరు చూపించడం, లేనివాళ్ల చేత ఫారం పెట్టించడం. పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం జనాన్ని మండల కేంద్రానికి పంపితే తిరిగి రారు. ఫొటోగ్రాఫర్‌నే ఒక పూట ఊరికి పిలిపించాలి.

ఏ ఫారం దేనికో వాలంటీర్లందరికీ నోటికి రావాలి. కొత్త పేరుకు ఫారం 6. అభ్యంతరానికి, తొలగింపుకు ఫారం 7. తప్పుల సవరణకు, చిరునామా మార్పుకు, పోయిన కార్డు బదులు మరొకటి తీసుకోవడానికి ఫారం 8. వయసు లెక్క కట్టే అర్హత తేదీలు 2022 నుంచి ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. కాబట్టి 2024 ఏప్రిల్ 1 నాటికి 18 నిండినవాళ్లకూ ఆ ఎన్నికలో అవకాశం ఉండింది. జనవరి 1 ఒక్కటే అనుకుని ఇంటర్ పిల్లల్ని వెనక్కి పంపేస్తే ఒక ఓటు ఊరికే పోయినట్టు.

కోడళ్ల ఓట్లు ప్రత్యేకంగా చూడాలి. పుట్టింటి ఊరి జాబితాలో పేరుంటే కొత్తగా ఫారం 6 పెట్టకూడదు, ఫారం 8తో మార్పించాలి. ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామాయే ఉండటం మామూలుగా ఎదురయ్యే అడ్డంకి. చేతిలో చిరునామా పత్రం ఏదీ లేకపోతే బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికి వచ్చి విచారించి రాసుకుంటారు. ఆ రోజు మనిషి ఇంట్లో ఉండేలా చూసుకోవాలి.

ఇక అసలు గొడవ తొలగింపులది. ఇంటికి తాళం ఉంటే ‘మారిపోయారు’ అని రాసుకోవడం జరుగుతుంది. ఆరు నెలలు సైట్ మీద ఉండి పండుగకు ఇంటికి వచ్చే కుటుంబం మారిపోయినట్టు కాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ దీన్ని తేటగా చెప్తుంది: తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన మనిషి ఆ ఊరి సాధారణ నివాసి కాకుండా పోడు. ఈ వాక్యాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని, వలస కుటుంబాల సీరియల్ నంబర్లు జతచేసి, బీఎల్ఓకు ఒకటి, తహసీల్దార్ కార్యాలయానికి ఒకటి ఇచ్చి రసీదు తీసుకోవాలి. బీఎల్ఓలతో తగవు పెట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. అంగన్‌వాడీ పని, దాని మీద ఈ పని నెత్తిన వేసుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. తాళం వేసిన ఇంటివాళ్లు ఎక్కడున్నారో మీ రిజిస్టర్ చెప్తుంది కాబట్టి అది వాళ్లకూ అక్కరకొస్తుంది.

నగరంలో స్థిరపడి అక్కడా ఓటు తీసుకున్నవాళ్ల సంగతి వేరు. ఒక మనిషికి ఒకచోటే ఓటు. రెండుచోట్లా ఉంచుకోమని సలహా ఇవ్వకూడదు, చూసీచూడనట్టు ఊరుకోనూ కూడదు. దరఖాస్తులో తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. ఏది ఉంచుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. రెండోదాన్ని తీయించే ఫారం చేతికివ్వడం వరకే మన పని.

మేస్త్రీతో మాట్లాడకుండా కూలీలు రారు

వలస కూలీ ఓటు ఆ కూలీ ఒక్కడి చేతిలోనే ఉండదు. గుంపు మేస్త్రీ ‘పోయి రాండి’ అంటే ఇరవై మంది కదులుతారు, అనకపోతే ఒక్కరూ కదలరు. రిజిస్టర్‌లోని ‘ఎవరి వెంట వెళ్లారు’ అనే గడి ఇందుకోసమే. ఒక బూత్ నుంచి వెళ్లినవాళ్లు సాధారణంగా కొద్దిమంది మేస్త్రీల కిందే ఉంటారు. వంద ఫోన్ల కంటే ఆ నాలుగైదు మాటలే ముఖ్యం, అవీ పోలింగ్‌కు కనీసం మూడు వారాల ముందు.

మేస్త్రీతో మాట్లాడాల్సినవి రెండే. స్లాబ్ ఎప్పుడు పోస్తారన్నది ఒకటి. కాంక్రీట్ మొదలుపెట్టాక మధ్యలో ఆపలేరు. సోమవారం స్లాబ్ పెట్టుకుంటే ఆ సైట్ మీద ఉన్న మీ ఊరివాళ్లెవరూ రారు. మే 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 పోలింగ్. స్లాబ్‌ను శుక్రవారానికి జరిపినా, బుధవారానికి నెట్టినా సరిపోయేది. మేస్త్రీకి ఇది చివరి వారంలో చెప్తే లాభం లేదు, అప్పటికి కాంట్రాక్టర్ రెడీమిక్స్ లారీలకు చెప్పేసి ఉంటాడు. రెండోది ఖర్చుల పైసలు. వారం డబ్బులు శనివారం సాయంత్రం చేతికందితే కుటుంబం ఆదివారం బస్సెక్కుతుంది. ఆదివారం రాత్రి ఇస్తే వాళ్లు ఆగిపోతారు.

ఫోన్‌లో మాట్లాడే తీరు కూడా నేర్పించాల్సిందే. ఓటు విలువ గురించి ఉపన్యాసం చెప్తే అవతలివాళ్లు ‘ఆఁ, సరే’ అని పెట్టేస్తారు. పని చేసే మాట ఇలా ఉంటుంది:

‘అన్నా, మన ఊరి నుంచి మాట్లాడుతున్న, కిరాణం సాయమ్మ పెద్ద కొడుకును. నీ పేరు, వదిన పేరు లిస్టుల ఉన్నయి, నేనే చూసిన. నీది 412, వదినది 413. ఈసారి రూం మారింది, అంగన్‌వాడి కాదు, హైస్కూల్ల రెండో రూం. సోమవారం పోలింగ్. ఆదివారం మాపటీలికి వస్తరా, సోమవారం పొద్దుగాల వస్తరా?’

వస్తారా అని కాదు, ఎప్పుడు వస్తారని అడుగుతున్నాం. సీరియల్ నంబర్ చెప్పగానే పేరు ఉందో లేదో అన్న అనుమానం పోతుంది. ముక్కూమొహం తెలియని గొంతు చేసే ఫోన్లకు, రికార్డు చేసిన సందేశాలకు ఈ బలం లేదు. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1998లో చేసిన క్షేత్ర ప్రయోగంలో ముఖాముఖి పలకరింపు ఓటింగ్ పెంచింది, కిరాయి ఫోన్లు పెంచలేదు. మన దగ్గర ఊరివాడి గొంతు ఫోన్‌లో వినిపించినా ముఖాముఖికి దగ్గరగా పని చేస్తుంది. అందుకని ఎవరికి ఎవరు ఫోన్ చేయాలన్నది వరసలు చూసి పంచాలి: మేనమామ, పాలోళ్లు, బడి జతగాళ్లు.

‘రెండు దినాల కూలి పోతది తమ్మీ’ అని జవాబు వస్తుంది. వాదించకూడదు, లెక్క చెప్పాలి. మగమనిషికి 900, ఆడమనిషికి 600 కూలి అనుకుందాం. ఆదివారం సాయంత్రం బయలుదేరి మంగళవారం తెల్లారి పనిలోకి ఎక్కితే పోయేది ఒక్క రోజు, 1500. రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి టికెట్ లేదు, కాబట్టి ఛార్జీ ఒక్కరిదే. ఆ 1500 కూడా పోనక్కర్లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. రోజు కూలీలకూ ఇది వర్తిస్తుంది, పని చేసేది ఒకచోట, ఓటు ఇంకోచోట ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకానే, కాబట్టి ఆ భయంతో ఎవరూ ఇవ్వరు. కార్మిక శాఖ ఇచ్చే సెలవు ఉత్తర్వు కాపీని మేస్త్రీ ద్వారా సైట్ ఇంజినీర్ చేతిలో పెడితే ఇచ్చేవాళ్లున్నారు. పూర్తి కూలి రాకపోయినా సగానికి ఒప్పుకునే సైట్లుంటాయి. ముంబై, పూణేల నుంచి రాయచూరు, యాద్గిర్ మీదుగా రావాల్సినవాళ్లకు ఈ లెక్క కుదరదు, నాలుగు రోజులు పోతాయి. పెళ్లో, జాతరో, భూమి పనో ఆ వారంలో ఉన్నవాళ్లను వదులుకోకుండా, మిగతావాళ్లను బలవంతపెట్టకుండా ఉండటమే న్యాయం.

బండి కట్టించి తీసుకొస్తే తేలిక కదా అని ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అంటారు. ఆ ఆలోచనను అక్కడే ఆపాలి. అభ్యర్థి తరఫున ఓటర్లను ఉచితంగా వాహనంలో చేర్చడం అవినీతి చర్య, అదే 1951 చట్టం 133వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. మీరు ఏ పార్టీకీ చెందకపోయినా, డీజిల్ డబ్బు ఎవరిదన్న ప్రశ్న వచ్చిన క్షణం మీ ప్రచారం మీద ఉన్న నమ్మకం పోతుంది. సొంత ఖర్చుతో ఆర్టీసీ బస్సో, రైలో ఎక్కితే ఏ చిక్కూ లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికలూ అదే రోజు కావడంతో నగరం నుంచి వెళ్లే బస్సులు కిక్కిరిశాయి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరాయి. అటువంటి వారాంతంలో ‘ఆదివారం పొద్దున్నే బయలుదేరండి’ అన్న ఒక్క సలహా చాలా ఓట్లను కాపాడుతుంది.

ఆయకట్టులో సమస్య వేరు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వలస పెద్దగా లేదు. మే రెండో వారంలో అక్కడ యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో రాశులుగా ఉంటాయి. మబ్బు పడితే రైతు రాశిని వదిలి కదలడు. కల్లం దగ్గరే పడుకుంటాడు, తేమ చూసే మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు. అక్కడ చేయాల్సింది పక్కపక్క రాశుల వాళ్లను జంటలుగా కలపడం: ఒకరు ఏడింటికి పోయి ఓటేసి వచ్చేదాకా ఇంకొకరు రెండు రాశులూ చూస్తారు. టార్పాలిన్లు ముందురోజు రాత్రే లెక్కపెట్టి పెట్టుకోవాలి. కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యులతో మాట్లాడి ఆ పూట తూకం ఆగుతుందా లేదా అన్నది ముందే అందరికీ చెప్పించాలి. తూకం నడుస్తుందన్న పుకారు ఒక్కటి చాలు, కల్లం మీద ఉన్నవాళ్లు కదలకపోవడానికి.

దేవరకొండ తండాల్లో మళ్లీ పాలమూరు పరిస్థితే, హైదరాబాద్ వలస. మేలో ఉపాధి హామీ పనులు జోరుగా సాగుతుంటాయి కాబట్టి పొద్దున్నే పని దగ్గరికి వెళ్తే ఊళ్లో ఉన్నవాళ్లంతా ఒక్కచోట దొరుకుతారు. అక్కడ పని చూసే మేట్‌ను అడిగి, పని ముగించి సేదతీరే పది నిమిషాల్లో మాట్లాడాలి. పని ఆపించి మీటింగ్ పెడితే కొలతలు తగ్గి వాళ్ల కూలి తగ్గుతుంది.

నమ్మకం పోయే దారులు

వలస కూలీల ఫోన్ నంబర్ల జాబితా అభ్యర్థులకు బంగారం. మీ రిజిస్టర్ సంగతి తెలియగానే అడుగుతారు, బంధుత్వం చెప్పి అడుగుతారు, డబ్బిస్తామంటారు. రిజిస్టర్ ఒక్కటే ప్రతి ఉండాలి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీయకూడదు, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకూడదు. వాలంటీర్‌కు తన పదిహేను ఇరవై ఇళ్ల చీటీ మాత్రమే ఇవ్వాలి. ఏ పార్టీ కండువా వేసుకుని తిరిగినవాళ్లనైనా ఆ ఎన్నికకు జట్టులోకి తీసుకోవద్దు, ఎంత చురుకైన పిల్లవాడైనా సరే. చొక్కాలు, టోపీలు కుట్టిస్తే గులాబీ, కాషాయం, మూడు రంగులు కాకుండా తెల్లగా ఉంచండి. ఎవరికి వేస్తావన్న ప్రశ్న వాలంటీర్ నోటి నుంచి సరదాకైనా రాకూడదు.

సర్పంచ్ ఎన్నికకు ఇవే గుంపులు ముంబై నుంచి కూడా దిగుతాయి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల మూడు విడతల్లోనూ రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. తెలిసిన మనిషి నిలబడటం, ఒక్క ఓటుతో తారుమారు కావడం ఒక కారణం. దారి ఖర్చులు ఎవరో పెట్టుకోవడం ఇంకో కారణం, ఊళ్లో అందరికీ తెలిసిందే. 2022 నవంబర్ మునుగోడు ఉప ఎన్నికలో పోలింగ్ 90 శాతం దాటింది, డబ్బు పంచారన్న ఆరోపణలూ అదే స్థాయిలో వచ్చాయి. ఎక్కువ ఓట్లు పడటమే గొప్ప అనుకుంటే ఆ రెండింటినీ మెచ్చుకోవాల్సి వస్తుంది. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే, ఏడాది దాకా శిక్ష ఉంది. ఇంటింటికీ వెళ్లినప్పుడు ఈ మాట బెదిరింపులా కాకుండా, సమాచారంలా చెప్పాలి.

రోడ్డు వేయలేదని, నీళ్లు రాలేదని ఊరంతా ఓటు బహిష్కరిస్తామన్నప్పుడు ఏం చేయాలి? ఆ కోపాన్ని తప్పు పట్టకూడదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు, ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన ఊళ్ల గోస దేశానికి వినిపించడానికి. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఓటు మానేయకుండానే నిరసనను పెట్టెలోంచి వినిపించిన ఉదాహరణ ఈ గడ్డ మీదే ఉంది. 2013 నుంచి నోటా మీట కూడా ఉంది. ఈ దారులు చెప్పి, వాళ్ల డిమాండ్‌ను రాతపూర్వకంగా రిటర్నింగ్ అధికారికి చేర్చడంలో సాయపడి, నిర్ణయం ఊరికే వదిలేయాలి.

ర్యాలీలు, ముగ్గుల పోటీలు, బడిపిల్లల ప్రతిజ్ఞలు తేదీని గుర్తుచేస్తాయి. ఒక పూటకు మించి సమయం వాటికి ఇవ్వొద్దు.

ఇంటి దగ్గర ఓటు, పోలింగ్ రోజు

2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. అందుకు ఫారం 12డి నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు చేరాలి, ఇది చాలా ఇరుకు గడువు. ముందే పేర్లు సిద్ధంగా లేకపోతే అందదు. ఇంకో జాగ్రత్త: ఒకసారి ఇది మంజూరయ్యాక ఆ మనిషి బూత్‌కు వెళ్తే ఓటు వేయనివ్వరు. ‘నడవగలను బిడ్డా, బడికాడికే వస్త’ అనే తాతకు ఈ ఫారం పెట్టించకూడదు.

ఓటరు స్లిప్పు గుర్తింపు కార్డు కాదు, 2019 నుంచి అది ఒక్కటే చూపిస్తే చెల్లదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటి పన్నెండు పత్రాల్లో ఏదైనా చాలు. అది కాగితమో కార్డో అయి ఉండాలి. ఫోన్‌లో చూపిస్తామనుకునేవాళ్లు మోసపోతారు, ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. సైట్ నుంచి బయలుదేరేటప్పుడే ఆధార్ సంచిలో పెట్టుకోమని ఆదివారం ఫోన్‌లో మళ్లీ చెప్పాలి.

వరుస లెక్క కూడా చూద్దాం. ఆ రోజు సమయం ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా, 11 గంటలు. 750 ఓట్లు పడాలంటే ఓటుకు 53 సెకన్లు. ఎండకు భయపడి సగం మంది 11 లోపే వస్తే ఓటుకు 38 సెకన్లే దొరుకుతాయి, వరుస ఆగిపోతుంది, చంటిపిల్లల తల్లులు వెనక్కి వెళ్లిపోతారు. వాడల వారీగా సమయం పంచి చెప్పడం వల్ల ఈ ఒత్తిడి తగ్గుతుంది: ఉదయం ఊళ్లో ఉన్న వృద్ధులు, పది తర్వాత వలస నుంచి దిగినవాళ్లు. రాత్రి ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు కాస్త నిద్రా దొరుకుతుంది.

వాలంటీర్లు కేంద్రానికి 200 మీటర్లు దాటి ఉండాలి. వందలోపు ప్రచారం నిషేధం, ఆ దూరం దాటాక పార్టీల టేబుళ్లుంటాయి. వాటి పక్కన నిలబడితే మీరూ వాళ్లలో ఒకరనుకుంటారు. వీధికొక అక్క తన ఇళ్లలో వేలి మీద సిరా చూసి చీటీలో టిక్ పెడుతుంది. 11కు ఒకసారి, 3కు ఒకసారి చీటీలు కలిపి, మిగిలినవాళ్ల గడప తట్టాలి. దారిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి చెప్పాల్సింది ఒకటే: ఆరు లోపు వరుసలో నిలబడితే చాలు, ఓటు ఎంత రాత్రయినా వేయనిస్తారు. ఆరింటికి వరుసలో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలిస్తారు.

అంత దూరం నుంచి వచ్చాక ‘నీ ఓటు పడిపోయింది’ అన్నారంటే వెనక్కి రాకూడదు. గుర్తింపు చూపించి ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగాలి. అది కాగితం బ్యాలెట్ మీద వేయిస్తారు, వేరే కవర్‌లో పెడతారు. ఆ హక్కు గురించి కూలీలకు ఫోన్‌లోనే చెప్పి ఉంచాలి, ఎందుకంటే వలస ఇళ్ల పేర్లే దొంగ ఓట్లకు అనువుగా దొరుకుతాయి.

పోలింగ్ అయిన వారంలో రిజిస్టర్ మళ్లీ తెరవాలి. బయటినుంచి ఎవరెవరు వచ్చారు, ఏ మేస్త్రీ గుంపు వచ్చింది, ఏది రాలేదు, రానివాళ్లు ఏం కారణం చెప్పారు అన్నది జ్ఞాపకాలు చెదిరిపోకముందే రాయాలి. చనిపోయిన, రెండుసార్లు ఉన్న పేర్లకు ఆ ఇంటివాళ్ల చేతనే ఫారం 7 పెట్టించాలి, ఎన్నికల వేడి లేనప్పుడు అది ఎవరికీ అనుమానం కలిగించదు. పోలింగ్ రోజు పేరు లేక తిరిగి వెళ్లినవాళ్లకు ఫారం 6 జులై 1 అర్హత తేదీతో వెంటనే పెట్టించవచ్చు. ఫోన్ నంబర్లు ఆరు నెలలకే మారిపోతాయి కాబట్టి దసరాకు గుంపులు దిగినప్పుడు ఆ ఒక్క గడి మళ్లీ సరిచూసుకోవాలి.